మొదటి పేజీలో ముప్పై ఎనిమిది మంది

చింతామణిలోని ఆ విత్తనాల కంపెనీలో జయలక్ష్మమ్మ పందొమ్మిదేళ్ళుగా టెలిఫోన్ ఆపరేటర్. అది కాగితం మీది మాట. నిజానికి ఆ కంపెనీలో ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. బాగేపల్లి గోదాము నుంచి, చిక్కబళ్ళాపురం బ్రాంచి నుంచి, జంగమకోటె పొలాల్లో తిరిగే ఫీల్డు మనుషుల దగ్గర నుంచి పొద్దస్తమానం ఫోన్లే. "అమ్మా, సెలవు పెట్టాల, రజా ఫారం యాడుండాది?" "అమ్మా, లారీ బయల్దేరిందా?" ఆమె ఏ కాగితమూ చూడకుండా చెప్పేసేది.

2004లో యజమాని మురళీధర బెంగళూరులో ఏదో సభకు వెళ్ళి, ఇంట్రానెట్ అనే మాట పట్టుకొచ్చాడు. కంపెనీ వాళ్ళకు మాత్రమే కనబడే వెబ్‌సైటట. ఏం కావాలన్నా ఎవరికి వాళ్ళు కంప్యూటర్లో చూసుకోవచ్చట. మరి ఫోనెత్తి చెప్పే మనిషి దేనికి? సైటు మొదలు కాగానే జయలక్ష్మమ్మను బాగేపల్లి గోదాముకు పంపాలని, అక్కడ విత్తనాల పొట్లాలకు చీటీలు అంటించే పని ఇవ్వాలని తీర్మానించేశారు. యాభై దాటిన మోకాళ్ళతో రోజూ నాలుగు బస్సులు ఎక్కి దిగాలి. ఆ సంగతి విన్న రోజు ఆమెకు అన్నం సయించలేదు.

సైటులో ఏది ఎక్కడుండాలో పటం గీయడానికి నచికేత్ అనే ఇంజనీరు వచ్చాడు. వస్తూనే తిన్నగా ఆమె బల్ల దగ్గరికే వెళ్ళాడు.

"అమ్మా, జనం మిమ్మల్ని ఏమేమి అడుగుతాండారో పదిహేను రోజులు రాసిపెడతారా?"

తన గొయ్యి తననే తవ్వుకోమంటున్నాడని ఆమెకు తెలుసు. నాలుగు తప్పులు రాసిస్తే అడిగే నాథుడు లేడు. కానీ ఇన్నేళ్ళూ ఉన్నదున్నట్టు చెప్పిన మనిషికి తప్పు రాయడానికి చెయ్యి రాలేదు. ఉన్నదే రాసిచ్చింది.

దాన్ని చూసి నచికేత్ చార్టు మీద పటం గీశాడు. మొదటి పేజీలో నాలుగే బటన్లు: రజా, జీతం, లారీలు, విత్తనాలు. ఏదైనా రెండు క్లిక్కుల్లో దొరుకుతుంది. పసిపిల్లలకైనా అర్థమయ్యేంత తేటగా ఉంది. కొంప ముంచింది ఆ తేటదనమే.

మీటింగులో అకౌంట్స్ మేనేజర్ గంగాధరప్ప కళ్ళద్దాలు తుడుచుకుని పటమంతా వెతికాడు. "అకౌంట్సు యాడప్పా?"

"జీతం కింద, మూడో వరసలో ఉండాది సార్."

"మూడో వరసా? ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసినోణ్ణి మూడో వరసలో కూర్చోబెడతావా?"

"నేనైతే యాడా లేనే లేను గదప్పా!" అన్నాడు పక్కనున్న ఫీల్డు మేనేజర్ మునికృష్ణప్ప. "రేపు మా అల్లుడు చూస్తే ఏమనుకుంటాడు?"

"ఇది బయటోళ్ళకు కనబడదు సార్."

"కనబడకపోయినా ఉండాల!"

ఈ పక్క ఊళ్ళలో జాతరప్పుడు మొదటి తాంబూలం ఎవరికన్న దగ్గర తలకాయలు పగిలిన రోజులున్నాయి. ప్యాంట్లు తొడుక్కుని ఇంగ్లీషులో జాబులు రాసినంత మాత్రాన ఆ రోషం ఎక్కడికి పోతుంది? పైనున్న బటన్ పెద్దమనిషిది, కిందున్నది పాలేరుది అయిపోయింది. చిక్కబళ్ళాపురం మేనేజరు ఫోనులోనే అలిగాడు.

యజమానికి తల తిరిగింది. తను రాసిచ్చిన జాబితా చదవడానికి పిలిపించిన జయలక్ష్మమ్మ వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా, ఈ పటం పనికొస్తాదా?"

పనికిరాదంటే చాలు, బాగేపల్లి బస్సు తప్పుతుంది.

"వస్తాది సార్. జనాలకు కావాల్సింది ఫారాలు. మీ పేర్లు కాదు."

గంగాధరప్ప పకపకా నవ్వాడు. "ఫోనెత్తే ఆమెకు ఇవన్నీ ఏం తెలుస్తాయి సార్!"

అందరూ నవ్వారు. పొద్దుటి నుంచి ఒక్క మాట మీదా కలవని మేనేజర్లు దీని మీద మాత్రం కలిశారు. అవమానంతో ఆమె చెవులు కాలిపోయాయి.

చివరికి మొదటి పేజీలో మనిషికొకటి చొప్పున ముప్పై ఎనిమిది బటన్లతో, సర్వీసు పెద్దరికం ప్రకారం సైటు తయారైంది. రజా ఫారం ఏడు క్లిక్కుల అడుగున, ఆ ఫారాలు చూసే గుమాస్తా ఈరప్ప పేరు మీద పడింది. ఆయన కంటే చిన్న ఉద్యోగి కంపెనీలో లేడు మరి.

మొదలైన రోజు పదకొండుకల్లా ఫోన్లు రెట్టింపయ్యాయి. ఇదివరకు ఫారం ఎక్కడని అడిగేవాళ్ళు, ఇప్పుడు దాని దగ్గరికి దారెక్కడని కూడా అడుగుతున్నారు. వారం తిరక్కుండా బాగేపల్లి బదిలీ రద్దయింది. సైటు కుదురుకునేదాకా ఆపరేటర్ ఉండాలని ఆర్డరు. తన మాట ఎవరూ లెక్కచేయలేదు కాబట్టే తన కుర్చీ నిలిచింది. బస్సుల బెడద తప్పినందుకు జయలక్ష్మమ్మ దేవుడికి దండం పెట్టుకుంది గానీ, ఒళ్ళుమంట మాత్రం తగ్గలేదు.

ఆ ఆర్డరు వచ్చిన మధ్యాహ్నమే గంగాధరప్ప ఫోను చేసి గుసగుసలాడాడు. "జయలక్ష్మమ్మా, యజమాని నా పక్కనే నిలబడి ఉండాడు. అకౌంట్సు పేజీ తెరిచి చూపించమంటాండాడు. ఈ గుంపులో నా బటన్ యాడుండాదో చెప్పమ్మా!"

"ఫోనెత్తేదాన్ని సార్," అంది జయలక్ష్మమ్మ. "ఇవన్నీ నాకేం తెలుస్తాయి!"

రిసీవరు మెల్లగా పెట్టేసింది.