గుమ్మంలో బల్ల

మా ఎదురు వాటా రాదోయ్కా మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. అది మూతపడ్డాక మా నాలుగో అంతస్తులోనే కూర్చుని నీష్ ఊళ్లో సగం మంది పాంట్లు పొట్టి చేస్తోంది. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, కళ్లతోనే నడుం కొలిచేస్తుంది. అక్టోబర్ చివర్లో ఒక ఉదయం ఆ టేపు చేత్తో పట్టుకుని వచ్చి నా తలుపు దబదబ బాదింది.

"అక్కా! డెబ్భై ఎనిమిది!"

"ఎవరికే? నాకింకా అరవై నాలుగే."

"వయసు కాదక్కా, బల్ల! మా గదిలో పెద్ద బల్ల వెడల్పు డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు. వంటింటి గుమ్మం ఎనభై. పడుతుంది! సగం గదిలో, సగం వంటింట్లో!"

ముందు దీనికి మతి పోయిందనుకున్నాను. తర్వాత అర్థమైంది.

నవంబర్ ఎనిమిది వాళ్ల స్లావా, అంటే ఇంటి దేవుడి పండగ. స్లావాకి మేం ఎవరినీ పిలవం. తెలిసినవాళ్లు వస్తారు, వచ్చినవాళ్లందరికీ కూర్చోడానికి చోటు ఉండాలి. వాళ్లింట్లో గదిలో బల్ల వేస్తారు, వంటింటి తలుపు మూసేస్తారు. రాదోయ్కా ఆ తలుపు వెనక ముప్పై ఒక్క స్లావాలు గడిపింది. ప్రతి ఏడూ సూప్ అయిపోగానే స్రేతెన్ ఒక కథ చెబుతాడు. గోడలు అదిరేలా నవ్వుతారు. ఈవిడ చేతులు తుడుచుకుని వెళ్లేసరికి అందరూ కళ్లు ఒత్తుకుంటూ ఉంటారు. "అయ్యో, నువ్వు ఉండాల్సింది!" అంటారు.

స్రేతెన్ ఆ ఇంటి కూమ్. అంటే పెళ్లికి సాక్షిగా నిలబడి, పుట్టిన పిల్లలకి పేర్లు పెట్టే మనిషి. మాకు కూమ్ అంటే అన్నదమ్ములకంటే ఎక్కువ. ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఆ కథలాగే.

"మీ ఆయన్ని అడగొచ్చుగా ఏం కథో?" అన్నాను. నేనెప్పుడూ కాఫీ వేళకే వెళ్తాను, నాకూ తెలీదు.

"అడక్కుండా ఉంటానా? మొదలుపెడతాడు, సగంలో తనే నవ్వుకుంటూ నిద్రపోతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా నవ్వు వింటున్నానక్కా, మాట వినలేదు. ఈసారి వింటాను. పొయ్యి పక్కనే కూర్చుని, కుర్చీలోంచి లేవకుండా గరిటె తిప్పుతూ వింటాను!"

నాకూ పూనకం వచ్చేసింది. ఇద్దరం నా గ్యాస్ బిల్లు వెనక వంటిల్లు గీశాం. ఏడు చదరపు మీటర్లు. అందులో పొయ్యి, ఫ్రిజ్, నిండా క్యాబేజీ ఊరేసిన పీపా, వాటన్నిటికీ మించి అత్తగారి అద్దాల బీరువా. ఫ్రిజ్ నడవాలోకి వెళ్లొచ్చు, పీపా బాల్కనీలోకి వెళ్లొచ్చు. బీరువా మాత్రం బీరువాయే.

అత్తగారు స్తానియా. ఎనభై నాలుగేళ్లు, ఒంటి మీద బట్టలన్నీ నలుపే, నోరు మాత్రం పదును. విషయం విని కోడలి వైపు చూడను కూడా చూడలేదు. "ఆ బీరువాని నా మొగుడు డెబ్భై నాలుగులో అక్కడ పెట్టాడు. నన్ను మోసుకెళ్లాక దాన్ని కదపండి."

"పోనీ తలుపు ఒక్కటి తీస్తామత్తయ్యా."

"తలుపు జోలికి వెళ్లావంటే చూడు! వాళ్ల నవ్వులు వాళ్లవి, మన వంట మనది. మూసి ఉండాలి. గుడ్డ కొయ్యడం తెలిసిన చేతికి ఇల్లు కొయ్యడం కూడా కావాలా?"

నేనైతే తిరిగి నాలుగు అనేదాన్ని. రాదోయ్కా టేపు చుట్టుకుని ఊరుకుంది. అది ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు.

పండగ ముందు రోజు సాయంత్రం స్తానియా ఉడికించిన గోధుమల పళ్లెం పట్టుకుని చర్చికి బయలుదేరింది. లిఫ్ట్ కిందికి దిగిన చప్పుడు వినగానే మొదలుపెట్టాం. మాకున్నది గంటన్నర. మిలొయె, అంటే రాదోయ్కా మొగుడు, స్క్రూలు తిప్పుతూ "అమ్మ చంపేస్తుంది, అమ్మ చంపేస్తుంది" అని జపం చేస్తున్నాడు. పీపాని నేనూ రాదోయ్కా పాత కంబళి మీదికి ఎక్కించి బాల్కనీదాకా లాగాం. ఉప్పునీళ్లు నా చెప్పుల్లోకి చిందాయి. ఫ్రిజ్ నడవా చేరింది. తలుపు ఊడి వచ్చింది. బల్ల గుమ్మంలోకి దూరుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అటొక సెంటీమీటరు, ఇటొక సెంటీమీటరు. పట్టింది! రాదోయ్కా బల్లని ముద్దు పెట్టుకుంది, దేవుడి మీద ఒట్టు.

కానీ బీరువా వల్ల వంటింటి వైపు బెంచీ పట్టలేదు. కిటికీకి వీపు పెట్టి ఒక కుర్చీ, పక్కన ఇరుకున ఒక పీట, అంతే. కుర్చీ కూమ్‌కి, పీట రాదోయ్కాకి. అత్తగారికి చోటు లేదు.

స్తానియా వచ్చి చూసింది. లేని తలుపుని చాలాసేపు చూసింది. "నేను నడవాలో కూర్చుంటాలే, ఫ్రిజ్ పక్కన," అని వెళ్లి పడుకుంది. రాదోయ్కా ముఖంలో సంతోషం సగానికి దిగింది.

మర్నాడు మధ్యాహ్నం జనం దిగారు. వచ్చిన ప్రతివాడూ నడవాలో ఫ్రిజ్‌కి భుజం కొట్టుకున్నాడు. గోధుమలు ఒక చెంచా తిన్నాడు, బల్లని చూసి నోరు తెరిచాడు.

"పిరోట్ పిల్లవనిపించావమ్మా!" అన్నాడు స్రేతెన్ మెడకి చుట్టిన మఫ్లర్ తియ్యకుండానే. "ఒక్క బల్లతో రెండు గదులు సరిపెట్టావు!" పిరోట్ ఊరివాళ్ల పిసినారితనం మాకు తరతరాల వేళాకోళం. రాదోయ్కా పుట్టిల్లు అదే మరి.

ఇంటాయన స్లావా నాడు కూర్చోకూడదు, నిలబడే వడ్డించాలి. ఆ ఆచారం పెట్టినవాడెవడో గానీ వాడి వంటిల్లూ ఇరుకే అయి ఉంటుంది. మిలొయె గోడకి అతుక్కుని సారా పోశాడు. కొవ్వొత్తి వెలిగించారు. స్రేతెన్ మఫ్లర్ తీసి కుర్చీలో కూర్చున్నాడు. రాదోయ్కా పీట మీద కూర్చుని గరిటె అందుకుంది. ముప్పై రెండో స్లావాకి మొదటిసారి కూర్చుంది!

అప్పుడు కొవ్వొత్తి మంట పక్కకి వాలింది.

"ప్రొమాయ!" అని ఎవరో అరిచారు. ఒకేసారి అందరూ లేచి నిలబడ్డారు.

ప్రొమాయ అంటే ఇంట్లోంచి అడ్డంగా దూసుకుపోయే గాలి. అటు కిటికీలోంచి వచ్చి ఇటు బాల్కనీ తలుపులోంచి పోయే గాలి. మా వాళ్లు యుద్ధాలు చూశారు, బాంబులు చూశారు, దీనికి మాత్రం వణికిపోతారు. మూతి వంకరపోయినా, నడుం పట్టేసినా, మూత్రపిండాలు చెడినా దానివల్లే. గాలికి అడ్డంగా ఉన్న ఒకే ఒక్క తలుపుని మేం ఊడదీసి, తిన్నగా దాని దారిలో కూమ్‌ని కూర్చోబెట్టాం! సెంటీమీటరు సెంటీమీటరు కొలిచిన మనిషి గాలిని కొలవడం మరిచిపోయింది.

బాల్కనీ మూశారు. అయినా మంట వాలుతూనే ఉంది, పాత కిటికీ చెక్కల సందులోంచి గాలి వస్తోంది. స్లావా కొవ్వొత్తి గాలికి ఆరిపోతే ఇంటికి అరిష్టం. స్రేతెన్ రెండు చేతులతో మెడ పట్టుకుని మూలకి నక్కాడు.

"బల్ల వెనక్కి లాగి తలుపు పెట్టేద్దాం," అన్నాడు మిలొయె.

 రాదోయ్కా పీట మీద నుంచి లేచి, తన పళ్లెం తనే తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

నడవాలోంచి కర్ర చప్పుడైంది. స్తానియా వచ్చి నిలబడింది. కొవ్వొత్తిని చూసింది, స్రేతెన్ మెడని చూసింది, కోడలి చేతిలో పళ్లెం చూసింది.

"ఏం చూస్తున్నార్రా గుడ్లప్పగించి? నా ఇంట్లో కూమ్ మూతి వంకరపోతే నేనెలా బతకను? ఆ బీరువా తీసి కిటికీకి అడ్డం పెట్టండి!"

"బీరువానా అమ్మా?" అన్నాడు మిలొయె.

"కాదు, నన్ను అడ్డం పెట్టు! కదులు!"

ఇక చూడాలి! పండగ కోట్లు విప్పి ఆరుగురు మగాళ్లు దాన్ని పట్టారు. "నా వైపు! నీ వైపు కాదు! కాలు, నా కాలు!" అద్దాలు గలగలమన్నాయి. స్తానియా కర్రతో దారి చూపించింది. బీరువా కిటికీని మింగేసింది, పట్టపగలు లైటు వేసుకున్నాం. మంట నిటారుగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

బీరువా పోయిన గోడ దగ్గర రంగు వెలవని చోటు బయటపడింది. రాదోయ్కా అప్పటికే టేపు లాగింది. "మీటరు ఇరవై! బెంచీ పడుతుంది. అత్తయ్యా, మనిద్దరికీ!"

స్తానియా గొణుక్కుంటూనే కూర్చుంది.

సూప్ అయింది. స్రేతెన్ గొంతు సవరించుకున్నాడు. రాదోయ్కా బల్ల మీదుగా చాచి నా చేయి గట్టిగా పట్టుకుంది.

"మా తాత సంతకెళ్లి గుర్రాన్ని అమ్మాడు. ఆ డబ్బుతో పీకలదాకా తాగాడు. సాయంత్రం మిగిలిన డబ్బుతో ఇంకో గుర్రాన్ని కొనుక్కుని దాని మీదే నిద్రపోయాడు. కళ్లు తెరిచేసరికి మా వాకిట్లో ఉన్నాడు. 'ఏమేవ్, బయటికి రా! ఎంత తెలివైన గుర్రాన్ని తెచ్చానో చూడు! మనిల్లు ఎక్కడో చెప్పకుండానే తెచ్చేసింది!' అన్నాడట. మా నాయనమ్మ దీపం తెచ్చి చూస్తే, అది మా గుర్రమే!"

రాదోయ్కా బల్ల మీద వాలిపోయింది. నవ్వి నవ్వి టేపుతోనే కళ్లు తుడుచుకుంది. స్తానియా మాత్రం నవ్వలేదు.

"ఇదేనా?" అంది. "మీ నాన్న చెప్పిందీ ఇదేనా?"

"ఇదేనమ్మా, పొల్లు పోకుండా."

"పాత ఇంట్లో కూడా? నా మొదటి స్లావా నాడు కూడా?"

"ప్రతి ఏడూ ఇదే."

ముసలావిడ గరిటె వైపు చూస్తూ అంది, "ఆ రోజు నా సూప్‌లో ఉప్పు ఎక్కువైంది. వాళ్లు తాగడం అవగానే అందరూ ఘొల్లున నవ్వారు. నన్నే అనుకున్నాను. ఇక అప్పట్నించీ వినబడకుండా తలుపు మూసేదాన్ని."

 రాదోయ్కా అత్తగారి పళ్లెంలోకి ఇంకో గరిటె సూప్ వంచింది. స్తానియా ఒక చెంచా తాగింది. "ఉప్పు తక్కువైంది," అంది. తర్వాత భుజాలు కదలడం మొదలయ్యాయి. "మా గుర్రమేనట!" అని అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

మర్నాడు పొద్దున నేను పళ్లేలు తిరిగివ్వడానికి వెళ్లాను. మిలొయె తలుపు బిగించడానికి స్క్రూలు ఏరుతున్నాడు. స్తానియా బెంచీ మీద కాఫీ తాగుతోంది.

"ఏం చేస్తున్నావురా?"

"తలుపు పెడుతున్నానమ్మా. బీరువా వెనక్కి జరిపితే మళ్లీ గాలొస్తుంది."

"వస్తే రానీ," అంది స్తానియా. "ఆ శాలువా ఇలా అందివ్వు."