తొమ్మిదో తరగతిలో రేకు రోబోల సినిమా

ముందుగా లక్ష్మీనరసింహస్వామికి నమస్కారం. రాతిస్తంభంలో ఉన్నవాడు రేకు డబ్బాలోనూ ఉంటాడని నమ్మి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2017 జూన్‌లో హాలియా దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే పై తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయుడిగా, బదిలీ అయ్యాను. నాది భౌతికశాస్త్రం. ఆదివారాలు హుజూర్‌నగర్‌లో భాగవత గోష్ఠికి వెళ్లేవాణ్ణి. అక్కడ పెద్దలను ప్రశ్న అడగడమే మర్యాద. నా తొమ్మిదో తరగతిలో మాత్రం ఎవరూ నోరు విప్పేవారు కాదు.

అందుకని తొంభైలలో వచ్చిన ఒక విదేశీ సినిమా తెలుగు డబ్బింగ్ సంపాదించాను. గ్రహాంతర సైన్యం, రేకు రోబోలు, బాంబు పేలినా క్రాపు చెదరని కథానాయకుడు. వారానికి పది నిమిషాలు వేసేవాణ్ణి. శాస్త్రానికి విరుద్ధమైనది కనిపిస్తే చెయ్యెత్తాలి. సినిమా ఆపుతాను. ఎందుకు తప్పో చెప్పాలి. ఈ పనికి కొత్త సినిమాలు పనికిరావు. వాటిలో తప్పును కంప్యూటర్‌తో నున్నగా కప్పేస్తారు. పాత సినిమాలో అంతరిక్ష నౌకను వేలాడదీసిన తీగ కూడా కనిపిస్తుంది. దాన్ని చూస్తే ఎంత బెరుకు పిల్లకైనా ధైర్యం వస్తుంది. అందరికంటే ఎక్కువసార్లు చెయ్యెత్తింది మౌనిక.

ఆమె తండ్రి సైదులు గొర్ల కాపరి. బడిలో సినిమాలు వేస్తున్నారని విని పిల్లను మాన్పించి, మండల విద్యాధికారికి ఫిర్యాదు చేశాడు. నాకు మెమో వచ్చింది. వారంలో సంజాయిషీ, అంటే రాతపూర్వక వివరణ, ఇవ్వాలి. సినిమా నాసిరకమని ఒప్పుకుంటూ, నాసిరకం కావడమే దాని ప్రయోజనమని రెండు పేజీలు రాశాను. అధికారి విచారణకు వచ్చి, తండ్రీకూతుళ్లను పిలిపించి, సినిమా వేయమన్నారు.

కిటికీలకు దుప్పట్లు కట్టాం. సైదులు గొంగడి భుజాన వేసుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు.

“సదువు చెప్పుమంటే గీ డబ్బా బొమ్మలు చూపెడుతున్నరా సారూ? గిట్లయితే గొర్ల ఎంబడన్న పోతది పిల్ల,” అన్నాడు.

“జర చూడు సైదులూ,” అన్నారు అధికారి.

తెర మీద దూరపు కొండపై శత్రునౌక కూలి పేలింది. సైదులు లేచి నిలబడ్డాడు.

“ఆపుండ్రి. గా గుట్ట గంత దూరం ఉండె. మెరుపు మెరిసినంక జరసేపటికి గదా ఉరుము ఇనొచ్చేది. గీడ మంట, సప్పుడు ఒక్కపారే వచ్చినయ్. గిది తీసినోనికి గా మాత్రం ఎర్క లేదా?”

ఆ దృశ్యాన్ని నేను ఎన్నోసార్లు చూశాను. ఆ తప్పు నాకు ఒక్కసారీ కనిపించలేదు. కాంతి వేగం, ధ్వని వేగం పక్కపక్కన బోర్డు మీద రాసింది మాత్రం నేనే.

“గిది సార్ కూడా పట్టలే బాపూ,” అంది మౌనిక.

“ఎట్ల పడ్తడు బిడ్డా? సారు ఎన్నడన్న గుట్ట మీద వానల తడిసిండా?”

అధికారి నవ్వలేదు. రాసుకున్నారు. సినిమాకు కళా విలువ లేదని, అయినా బోధనోపకరణంగా స్టాక్ రిజిస్టరులో నమోదు చేయవచ్చని నివేదిక ఇచ్చి, మెమో మూసేశారు. సైదులు “సినిమా అయితే వట్టి పాడు సినిమానే” అని తేల్చి, మర్నాటి నుంచి పిల్లను బడికి పంపాడు.

ఈ ఘటన వల్ల నేను తెలుసుకున్నది ఒకటే. తప్పులు వెతకమని చెప్పేవాడు తన కళ్లు చాలుననుకోకూడదు. తనకు కనిపించనిది ఎదుట కూర్చున్నవారిని అడిగే బుద్ధి పంతుళ్లందరికీ ఇమ్మని స్వామిని నాతోపాటు మీరూ వేడుకోండి.