గౌలిపుర గల్లీలో ఓబో

పొద్దున్నే కాజీపేటలో సికింద్రాబాద్ వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. సంచిలో ఒక చీర, డబ్బాలో సర్వపిండి. నా మేనకోడలు శాంతి ముందురోజు ఫోన్ చేసి, "అత్తా, రేపు నా రికార్డింగు. నువ్వుంటే ధైర్యంగుంటది, రా" అంది.

చర్చిలో పాడటం దానికి నేర్పింది నేనే. ఇప్పుడది ఓబో వాయిస్తుంది. ఓబో మన సన్నాయికి దూరపు చుట్టం. నల్లటి సన్న గొట్టం, దాని కొసన రెల్లుతో చెక్కిన చిన్న రీడు. ఆ రీడును పెదాల మధ్య పట్టి ఊదాలి. సంతోష్‌నగర్‌లో ఉండే ఆర్టీసీ డ్రైవరు కూతురు ఇలాంటి వాద్యం పట్టిందని మా బంధువుల్లో నవ్వనివాళ్ళు లేరు.

పాతబస్తీకి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. సికింద్రాబాద్‌లో బస్సు కోసం నిలబడొద్దు. ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ రైలెక్కి ఉప్పుగూడలో దిగితే ట్రాఫిక్ బాధ ఉండదు. రైళ్ళు మాత్రం తక్కువ, వేళలు ముందే కనుక్కోవాలి.

రైల్లో నా పక్కన పూలబుట్టతో ఒకామె కూర్చుంది.

"పెండ్లికా అక్కా?"

"రికార్డింగుకు. మా కోడలిది."

"సిన్మా పాటనా?"

కాదని, ఓబో గురించి చెప్పాను. అంతా విని, "మరి గది ఎవరింటరక్కా?" అంది.

ఉప్పుగూడలో ఆటో ఎక్కి గౌలిపుర చేరేసరికి ఎండ ముదిరింది. శాంతి స్నేహితుడు మాధవ్ వయొలిన్ వాయిస్తాడు. వాళ్ళది అర్చకుల కుటుంబం. వాళ్ళింటి హాలుకు రాతి గోడలు, టేకు దూలాలు. అందులో ఊదితే స్వరం చాలాసేపు నిలుస్తుందని రికార్డింగు అక్కడే పెట్టుకున్నారు. చెన్నై నుంచి మరో నలుగురు వయొలిన్, చెల్లోలతో వచ్చారు. సాయంత్రమే వాళ్ళకు తిరుగు రైలు.

వాళ్ళు వాయించేది కాన్సెర్టో. ఓబో ముందు నడుస్తుంటే తీగవాద్యాలు దానికి తోడు నడుస్తాయి. మూడు భాగాలు. వేగంగా సాగే రెండూ భోజనాలకు ముందే అయిపోయాయి. మాధవ్ వాళ్ళమ్మ పప్పుచారు, బెండకాయ వేపుడు పెట్టింది. శాంతి రెండు ముద్దలే తింది. మిగిలింది నడిమి భాగం. అది ఒకే ఒక్క స్వరంతో, వినీ వినబడనట్టు మొదలై మెల్లగా పెరగాలి. చిన్న చప్పుడు పడినా చెడిపోతుంది.

మొదటిసారి కుక్కర్ విజిల్ పడింది. రెండోసారి ఉల్లిగడ్డల బండి కేక. మూడోసారి పక్కింటి బర్రెలు ఒకదాని వెనక ఒకటి అరిచాయి. శాంతి రీడును వెలుతురులో పట్టి చూసుకుంది.

"ఇది పలచబడ్డదత్తా. ఇంకొక్కసారికే పనికొస్తది. వేరేది ఊదితే మొదటి స్వరం గంత సన్నగ రాదు."

నేను లేచి బయటికి నడిచాను. పక్కింట్లో యాదగిరి అనే ఆయన బర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు.

"ఏందక్కా, పొద్దుగాల సంది వాయించుడు, ఆపుడు. ఏమైంది?"

సంగతంతా చెప్పాను.

"గట్లనా! ముందే చెప్పొద్దా? పాలు పిండే యాళ్ళయింది, గందుకే ఒర్లుతున్నయ్. జర ఆగమనుండ్రి. పిండి గడ్డేస్తే నోరెత్తయ్."

అలా చెన్నై వాద్యకారులు గౌలిపుర బర్రెల పాల కోసం ఆగారు. పాలు పిండాక యాదగిరి గల్లీ మధ్యలోకి వచ్చి గొంతెత్తాడు.

"మన గల్లీల రికార్డింగ్ ఉన్నది! పది నిమిషాలు ఎవ్వలు లొల్లి చేయొద్దు. కుక్కర్లు బంద్ చేయుండ్రమ్మా! ఓ భాయ్, గాడీ బంద్ కరో, జరా రుకో!"

మూలమీద స్కూటరాయన ఇంజను ఆపి తోసుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళు గడపల్లో నిలబడి పిల్లల నోళ్ళు మూశారు. నేను మాధవ్‌కు సైగ చేశాను. తలుపు మూసుకుంది.

అంత ఇరుకు గల్లీలో అంతమంది ఉండి ఒక్క మాట వినబడలేదు. తలుపు వెనక ఆ స్వరం ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు. తెలిసేసరికి అది గల్లీలోకి వచ్చేసింది. ఎవరూ కదల్లేదు. ఇది మా అన్న బిడ్డ ఊపిరి అని అరవాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తలుపు తెరుచుకుంది. శాంతి మెట్టు మీద కూలబడింది.

"అయిందత్తా."

"మంచిగొచ్చిందా బిడ్డా?" యాదగిరి అడిగాడు.

"మస్తొచ్చింది బాపు."

"మేం ఊపిరి బిగవట్టుడే అయింది, సక్కగ ఇన్లే. మల్లొక్కసారి వాయించు."

చెన్నై వాళ్ళు గడియారం చూసుకొని, నవ్వి, వయొలిన్లు గుమ్మంలోకి తెచ్చారు. అరిగిన రీడు రెండుచోట్ల బొంగురుపోయింది. అయినా చివర్లో పడ్డ చప్పట్లకు, ఈలలకు బర్రెలు మళ్ళీ అరిచాయి.

తిరుగు రైల్లో సీటు దొరికింది. మౌలాలి దాటాక శాంతి ఫోన్ చేసింది. అప్పటికే ఆ నడిమి భాగాన్ని నాకు వాట్సాప్‌లో పంపింది.

"అత్తా, ఎక్కడ రికార్డు చేసినమో దాని మీద రాయాల్నట. చెన్నైవాళ్ళు హైదరాబాద్ అంటే సాలన్నరు. నేను గౌలిపుర అని రాయించిన. యాదగిరి బాపు పేరు గూడ పెట్టిస్తున్న."

తోవంతా ఇయర్‌ఫోన్‌లో అదే విన్నాను. ఎదుటి సీటులో ఉద్యోగిలా ఉన్న ఒకాయన ఆగలేక అడిగాడు, "ఏం ఇంటున్నరు మేడమ్?" ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నాడు.

"ఎంత నిమ్మలంగున్నది! ఫారిన్‌ల తీసిండ్రా?"

"గౌలిపురల," అన్నాను. పెట్టె అంతా వినబడేలా అన్నాను.