వేరే నూనె

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. రెండు మాటలు. ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు, చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. అలసిపోయాను. అంతకు మించి కారణం లేదు.

ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ లలితా ఒకే గదిలో ఉండేవాళ్ళం. లలిత అసలు పేరు కాదు. వాళ్ళది పెనుగొండ, బట్టల కొట్టు. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మా ఇంట్లో చేపల కూర లేకపోతే అది ఆదివారం కాదు. వాళ్ళింట్లో గుడ్డు పేరు కూడా ఎత్తరు. అయినా మా ఇద్దరికీ బాగా పడింది. నాకు జ్వరం వస్తే చారు కాచి పెట్టేది, తగ్గేదాకా తిట్టేది.

ఆ ఏడు వాళ్ళ అక్క గర్భవతి. అంతకు ముందు రెండుసార్లు నిలబడలేదు. ఈసారి బిడ్డ చేతికొచ్చేదాకా ఉల్లీ వెల్లుల్లీ ముట్టననీ, మాంసం తగిలిన గిన్నెలో వండింది తినననీ లలిత వాళ్ళ ఊరి అమ్మవారికి మొక్కుకుంది. ఆ దేశంలో అదేం తేలిక కాదు. గిన్నె విడిగా, గరిటె విడిగా, రోజూ అదే పెరుగన్నం. మొక్కు తప్పకుండా గడిచిన ప్రతి రోజుకీ క్యాలెండర్ మీద ఒక గీత పెట్టేది. అమ్మవారికి ఇంగ్లండు వీసా ఇచ్చారా అని నేను ఆటపట్టించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఒక వారం శని ఆదివారాలు సముద్రం దగ్గర గడుపుదామని నలుగురం రైలెక్కాం. మిగతా ఇద్దరూ మా క్లాసువాళ్ళే. దిగే హడావిడిలో లలిత తన అన్నం డబ్బా రైల్లోనే మర్చిపోయింది. మధ్యాహ్నానికి వాన, ఈదురుగాలి. అంతర్వేది సముద్రం చూసి పెరిగినదాన్ని, సముద్రం అంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. బూట్లలోకి నీళ్ళు దిగాయి. తిండి కోసం నాలుగు చోట్ల ఆగాం. ప్రతిచోటా లలిత కోసం ఏదో అడగడం, వాళ్ళు కుదరదనడం, మళ్ళీ వానలోకి రావడం. మిగతా ఇద్దరి ముఖాల్లో విసుగు నాకు కనిపిస్తోంది. తనని వెంటబెట్టుకుని వచ్చింది నేనే కదా.

ఐదోది, చేపలూ బంగాళాదుంప వేపుడూ అమ్మే కొట్టు. లోపల వెచ్చగా ఉంది. లలిత వణుకుతోంది.

"నాకు ఆ దుంపలు చాలు. చేపలు వేయించిన నూనె కాదు కదా, ఒక్కసారి అడిగి రావే. వాళ్ళ మాట నాకు సరిగ్గా అర్థం కాదు," అంది.

వెళ్ళి అడిగాను. నిజంగానే అడిగాను. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన మర్యాదగా, కొంచెం గర్వంగా కూడా చెప్పాడు. అన్నీ ఒకే దాంట్లో వేయిస్తారట. అసలది నూనె కూడా కాదట, గొడ్డు కొవ్వు. అందుకే అంత రుచట.

అక్కణ్ణుంచి మా బల్ల దగ్గరికి ఏడెనిమిది అడుగులు. ఆ అడుగుల్లో ఏం ఆలోచించాను? ఏమీ ఆలోచించలేదని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఇంకో కొట్టు వెతికే ఓపిక లేదనుకున్నాను, తెలియకుండా తింటే తనకేం పాపం అంటుకుంటుందిలే అనుకున్నాను, దీని మడితో ప్రాణం విసిగిపోతోందని కూడా అనుకున్నాను.

"వేరే నూనేనట," అన్నాను.

"సరిగ్గా కనుక్కున్నావా?"

"కనుక్కున్నానే. తిను."

కళ్ళకద్దుకుని తిన్నది. ఎంత బాగున్నాయో అంది. నా పొట్లంలోవి కూడా కొన్ని తనకే పెట్టాను.

నెల తిరక్కుండా ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. నేను టీ పెడుతున్నాను. లలిత ఏడవలేదు. క్యాలెండర్ మీది గీతలన్నీ వేలితో లెక్కపెట్టి, నా వైపు తిరిగి, "ఒక్క పూట కూడా తప్పలేదు కదే నేను? నువ్వు చూశావు కదా?" అంది.

చూశానన్నాను.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ కొట్టు మూకుడుకీ, పెనుగొండలో ఒక తల్లి కడుపుకీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? మొక్కు నాది కాదు. నాకు విలువ తెలియదని తన వస్తువు తీసుకెళ్ళి పారేశాను, పారేసి భద్రంగా ఉందని చెప్పాను. నిజం చెబితే తన నోటితోనే అక్క బిడ్డను పోగొట్టానని కుమిలిపోతుందని, అందుకే చెప్పడం లేదని అనుకుంటూ వచ్చాను. దాన్ని దయ అనుకున్నాను. దయేనా? ఆ తర్వాత తను నన్ను చూసే చూపుకి భయపడటం కాదూ? రెండూ ఉన్నాయి. ఏది ఎంతో నాకే తెలియదు.

పోయిన కార్తీకంలో లలితా, వాళ్ళ అక్కా, నేనూ ద్రాక్షారామం వెళ్ళాం. ఆ ఫోను వచ్చిన రోజు నుంచి లలిత ఏ గుడిలోనూ అడుగు పెట్టలేదు. గొడవ చేయదు, ఎవర్నీ ఆపదు. "మీరు వెళ్ళి రండి, చెప్పులు నేను చూస్తాను," అని బయట అరుగు మీద కూర్చుంది. వరసలో నిలబడ్డాక అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి మళ్ళీ పిల్లలు కలగలేదు.

"పోగొట్టుకున్నది నేను. నాకే లేని కోపం దానికెందుకమ్మా? నువ్వైనా చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది," అంది.

నమ్ముతుంది. నాకు దర్శనం ఎలా అయిందో గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి మా చెప్పులు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టి ఉంచింది. అక్క ప్రసాదం ఇవ్వబోతే వద్దంది. నేను ఊరికే, ప్రసాదం ఉన్న నా చెయ్యి చాచాను. నా చేతిలోంచి తీసుకుని, అదేంటని కూడా అడగకుండా నోట్లో వేసుకుంది.

"నువ్వు పెడితే కాదనలేను," అంది.

అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ రోజు అది వేరే నూనె కాదు. ఆ సంగతి తెలిసే తినమన్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించడం మీ చేతిలో లేదు. ఆ మాట ఒక్కసారైనా నా లోపలి నుంచి బయటికి వచ్చింది. ఈ పూటకి నాకున్న ఓపిక ఇంతే.