‘క్షమించలేను’ అన్న ఉత్తరం

2003లో నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆర్కైవ్స్‌లో పనిచేస్తున్నాను. పాత కాగితాలు చదివి, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో కేటలాగ్‌లో ఎక్కించడం నా పని. ఆ ఏప్రిల్‌లో డొరతీ అనే ఎనభై ఏళ్ల ఆవిడ బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చారు. డబ్బా నిండా ఉత్తరాలు. విక్టోరియా రాణి కాలంలో పేరున్న ఒక నవలా రచయిత్రి తన స్నేహితురాలికి రాసినవి. ఆ స్నేహితురాలు డొరతీ గారి ముత్తవ్వ. దిక్కులేని ఆడపిల్లల కోసం ఒక హోమ్ నడిపిన మనిషి.

“ఇవన్నీ మీకిచ్చేస్తాను, ఈ చివరిది తప్ప. దీన్ని ఇంటికెళ్లి కాల్చేస్తా,” అన్నారు, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక మడత కాగితం తీసి చూపిస్తూ.

ఎందుకని అడిగాను.

“చివరికి వాళ్లిద్దరికీ చెడిందమ్మా. ‘నిన్నిక క్షమించలేను’ అంటూ ఉత్తరం ఆగిపోయింది. సంతకం కూడా లేదు. మా ముత్తవ్వ ఏం తప్పు చేసిందోనని మా ఇంట్లో తరతరాలుగా గుసగుసలే. అది ఊరందరికీ తెలియాలా?”

“ఒక్కసారి చూసి ఇచ్చేస్తానండీ.”

అయిష్టంగానే చేతికిచ్చారు. వరసలకు అడ్డంగా లేత గోధుమరంగు మరకలున్నాయి. వెనక పేజీ సిరా ఇంకిందని వాళ్లింట్లో అనుకున్నారట. అలా ఇంకితే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించాలి. ఇవి తిరగబడలేదు! నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఇన్‌లాండ్ లెటర్‌లో చోటు చాలకపోతే అంచుల వెంబడి, అతికించే మడత లోపల కూడా రాసేది. కాగితాన్ని గిరగిరా తిప్పుతూ చదివేవాళ్లం. ఇక్కడి పాతకాలం వాళ్లు ఇంకో అడుగు ముందుకెళ్లారు. నిండిన పేజీని పక్కకు తిప్పి, ఆ వరసల మీదే అడ్డంగా మళ్లీ రాసేవారు. దాన్ని క్రాస్ రైటింగ్ అంటారు.

వెలిసిన సిరాను పట్టిచ్చే యూవీ ల్యాంప్ కింద కాగితాన్ని పక్కకు తిప్పి పెట్టాను. కూడబలుక్కుంటూ పైకి చదివాను.

“నాకు కాస్త దగ్గు వచ్చిందని ఆరు జతల ఉన్ని మేజోళ్లు అల్లి పంపుతావా? నీ హోమ్‌లో పిల్లలు చలికి వణుకుతుంటేనా? నాలుగు జతలు వాళ్లకే తిప్పి పంపుతున్నాను. రెండు మాత్రం ఇవ్వను, చాలా బాగున్నాయి. ఆదివారం భోజనానికి వస్తున్నాను.” దాని కింద సంతకం.

“మేజోళ్లా?” అన్నారు డొరతీ గారు. అంతే, నవ్వు ఆగలేదు. కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. కాసేపటికి మెల్లిగా, “మా అమ్మ ఇది వినకుండానే పోయింది,” అన్నారు. ఉత్తరాన్ని తన చేత్తోనే మిగతావాటి మీద పెట్టి డబ్బా నా వైపు జరిపారు.

సాయంత్రం ఇంట్లో చెబితే మా పన్నెండేళ్ల అమ్మాయి, “మమ్మీ, సాక్స్ గురించా ఇంత గొడవ?” అంది.

అవును, సాక్స్ గురించే. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెబుతూ వచ్చాను: ఉత్తరం ఎక్కడ ముగిసిందో మీరు తేల్చకండి, రాసినావిడను తేల్చనివ్వండి.