కనపడని కంటికి ఆకుపచ్చ గుర్తు

ఒక మాటను ఏళ్ళ తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, కక్కలేను. ఎక్కడైనా నాకు సన్మానం జరిగితే అది ఇంకాస్త లావవుతుంది. ఈ మధ్య సన్మానాలు బాగానే జరుగుతున్నాయి. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియకూడదు. నా ధైర్యం ఏపాటిదో ఇక్కడే అర్థమై ఉంటుంది.

నేను నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తాను. పుట్టింది కోట అనే ఊరికి అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో. కంప్యూటర్ చేత ఫోటోలు చదివించడం, అంటే కంప్యూటర్ విజన్, నా పరిశోధన. నేనూ మా సారూ కలిసి కళ్ళు పరీక్ష చేసే మిషన్ ఒకటి తయారుచేశాం. కలిసి అనడం మర్యాద కోసం. సార్ మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆయన ఆ మిషన్‌ని ముట్టుకున్నది ఫోటోలకి నిలబడినప్పుడే. కెమెరా ఏ మూల పెట్టినా సరిగ్గా మధ్యలోకి వచ్చి నిలబడతాడు, కంప్యూటర్ విజన్‌లో ఆయనకున్న పట్టు అంతవరకే. ‘చూపులేని యంత్రానికి చూపునిచ్చాం’ అని ప్రతి సభలోనూ అంటాడు. ఆ వాక్యం రాసిచ్చింది కూడా నేనే.

మిషన్ అంటే పెద్దదేం కాదు. ఫోన్‌కి ఒక లెన్సు తగిలిస్తాం. షుగరున్న వాళ్ళ కంటి లోపలి పొరని ఫోటో తీస్తాం. రోగం పట్టిందో లేదో కంప్యూటర్ చెబుతుంది. ఆకుపచ్చ గుర్తు వస్తే కన్ను బాగుందని. ఎరుపొస్తే వెంటనే ఆస్పత్రికి పొమ్మని. పసుపొస్తే ఫోటో సరిగా రాలేదు, మాకేం తెలియలేదు, డాక్టరుకి చూపించుకోమని. ఆ మిషన్‌లో నిజాయితీ అంటూ ఏమైనా ఉంటే అది ఆ పసుపు గుర్తు ఒక్కటే. దాన్ని పెట్టింది నేను. తీసేసింది కూడా నేనే.

ఎవరో పెద్దవాళ్ళ కమిటీ మా పని చూడటానికి వస్తోందన్నారు. వాళ్ళు మెచ్చుకుంటే అవార్డు. అవార్డొస్తే సార్‌కి ఇంకో పెద్ద కుర్చీ, నాకు ప్రమోషన్. పల్లెలో చూపిస్తే బాగుంటుందని సార్‌కి తోచింది. ఇలాంటి వాళ్ళకి పేదవాళ్ళు ఫోటోలో వెనకాల నిలబడటానికి బాగా పనికొస్తారు. మా పల్లె చర్చి హాలు నేనే అడిగి ఇప్పించాను. ముందురోజు సరిచూసుకుంటుంటే ఎవరిని కూర్చోబెట్టినా పసుపే. రాక ఏమవుతుంది? మేము కంప్యూటర్‌కి నేర్పిన ఫోటోలన్నీ సిటీ ఆస్పత్రిలో, చీకటి గదిలో, కంట్లో చుక్కల మందు వేసి తీసినవి. ఇక్కడేమో కిటికీలన్నీ బార్లా తెరిచిన హాలు, ఎండకీ ఉప్పుగాలికీ కళ్ళు మసకబారిన మనుషులు. ఈ తేడా ముందే తెలియాల్సిన మేధావులిద్దరికీ తెలియలేదు. అందులో ఒక మేధావి అక్కడే పుట్టి పెరిగింది.

సార్ ఫోను చూసి మొహం మాడ్చుకున్నాడు. ఇంత పసుపొస్తే మన మిషన్‌కే కళ్ళు లేవంటారు, ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నాడు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అలాంటివాళ్ళు చెప్పరు. చేతికి మట్టి అంటకుండా బతకడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. చేసింది నేను. పసుపు రావాల్సిన చోట ఆకుపచ్చ వచ్చేటట్టు మార్చాను. పక్కన పెట్టిన టీ చల్లారేలోపు పని అయిపోయింది.

మనసుకి ఏం సర్దిచెప్పుకున్నానో కూడా వినండి. ఫోటోలో రోగం కనపడలేదు కదా, కనపడలేదంటే లేనట్టే కదా అనుకున్నాను. చదువు లేని మనిషెవరూ ఈ తప్పు చెయ్యరు. చీకట్లో పాము కనపడలేదు కాబట్టి పాము లేదని ఎవరైనా కాలు పెడతారా? అలా పెట్టాలంటే బాగా చదవాలి, పేపర్లు రాయాలి, నాలుగు దేశాల్లో మాట్లాడి రావాలి.

కమిటీ వాళ్ళు ఏసీ కారులో దిగారు. చెప్పులు విప్పి లోపలికి రావడానికే కాస్త ఇబ్బంది పడ్డారు. మొదట కూర్చున్నది మార్తమ్మత్త. మా నాన్నకి చెల్లెలి వరస. చేపలు ఎండబెట్టి ఊళ్ళకి తీసుకుపోయి అమ్మేది. ఎప్పటి నుంచో షుగరు. అప్పటికి కొన్నాళ్ళుగా కంటి ముందు దోమలు ఆడుతున్నట్టు ఉందంటోంది. వచ్చే సోమవారం కొడుకుతో నెల్లూరు పోయి కంటి డాక్టరుకి చూపించుకుందామని అన్నీ సిద్ధం చేసుకుంది. మా పిల్ల చేసిన మిషన్ కదా, నేనే ముందు కూర్చుంటానని అందరినీ తోసుకుని వచ్చింది.

ఫోటో తీశాను. కమిటీ వాళ్ళ చేతిలో ఉన్న ఇంకో ఫోన్‌లో ఆకుపచ్చ గుర్తు వచ్చింది. నా ముందున్న ల్యాప్‌టాప్‌లో ఆ ఫోటో వచ్చింది. గంజిలోకి తొంగిచూసినట్టుంది. అందులో కన్నూ లేదు, రోగమూ లేదు, ఏమీ లేదు. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. సార్ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. నేను అత్త భుజం మీద చెయ్యి వేసి కన్ను బాగుందని చెప్పాను. తర్వాత అందరూ కూర్చుని రొయ్యల వేపుడూ చేపల పులుసూ తిన్నారు. ఇంత రుచి ఎక్కడా తినలేదని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆయన ఆ రోజు శ్రద్ధగా పరీక్షించింది ఆ పులుసునే.

అత్త సోమవారం నెల్లూరు పోలేదు. మిషనే బాగుందని చెప్పింది, ఇంక డాక్టరెందుకని ప్రయాణం మానేసిందని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా అమ్మ గొంతులో గర్వం. అప్పుడైనా నేను చెప్పొచ్చు. ఎందుకైనా మంచిది, ఒకసారి పోయి రమ్మను అంటే సరిపోయేది. అంత చిన్న మాట. ఎందుకనలేదు? అలా అంటే అమ్మ ఎందుకని అడుగుతుంది. నేను జవాబు వెతుక్కోవాలి. అదీ నా భయం. ఒక మనిషి కళ్ళు ఒక పక్క, నాకు కలిగే ఇబ్బంది ఒక పక్క, నేను ఇబ్బందినే పెద్దదనుకున్నాను.

కమిటీ వెళ్ళాక పసుపు గుర్తు మళ్ళీ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మిషన్ ఇప్పుడు సరిగానే పనిచేస్తోంది, ఎందరికో మేలు జరిగిందంటారు, జరిగే ఉంటుంది. ఆ రోజు హాల్లో ఆకుపచ్చ చూసుకుని సంతోషంగా ఇంటికి పోయినవాళ్ళ సంగతి మాత్రం నాకు తెలియదు. తెలుసుకోలేదు.

అత్త సంగతి తెలిసింది. ముందు ఒక కంట్లో రక్తం చిమ్మింది. తర్వాత రెండోది. కాస్త ముందొచ్చి ఉంటే లేజర్ పెట్టి ఆపేవాళ్ళమని డాక్టరు చెప్పాడట.

అవార్డు ప్రకటించాక మా పల్లె చర్చిలో నా కోసం కృతజ్ఞత కూడిక పెట్టారు. మా చర్చిలో మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు, అది ఆనవాయితీ. సార్ కూడా వచ్చాడు. ముందు వరసలో శాలువాతో కూర్చుని, తనకి తెలియని పాటలకి తల ఊపుతున్నాడు. కోడలు చెయ్యి పట్టుకుని మార్తమ్మత్త మైకు దగ్గరికి వచ్చింది. తన కళ్ళు పోవడం గురించి చెప్పింది. మా పిల్ల మిషన్ అన్ని విధాలా మంచిదనీ, తర్వాత తనే నోరు కట్టుకోలేకపోయిందనీ, తీపి మానలేదనీ, తన పాపం తనకి తగిలిందనీ చెప్పింది. కోడలు తల దించుకునే ఉంది. అత్త నేనున్న వైపుకి మొహం తిప్పింది. సరిగ్గా నా వైపు కాదు, కొంచెం పక్కకి.

“ఆ పొద్దు నా కన్ను బాగనే ఉండింది గదమ్మా?”

నా చేతిలో కూడా మైకుంది.

“బాగుండింది అత్తా.”

హాలంతా స్తోత్రం అన్నారు. సార్ కూడా అన్నాడు. అత్త నా చేతులు తడుముకుని ముద్దు పెట్టుకుంది. ఆ చేతులతోనే మర్నాడు మెమెంటో అందుకున్నాను.

ఆమె ఎందుకడిగింది? అనుమానమా? ఎన్నిసార్లు ఆలోచించినా కాదనే అనిపిస్తుంది. తర్వాత తెలిసింది, ఇంట్లో కొడుకు విసుక్కున్నప్పుడల్లా ఆ సోమవారం మాటే ఎత్తుతాడట. నువ్వే కదా రానన్నావు అని. పోకపోవడం తన బుద్ధితక్కువ కాదని నలుగురి ముందు నా నోటితో అనిపించుకోవాలనుకుంది, అంతే. నేను అన్నాను. కానీ ఆ రోజు కన్ను బాగుందంటే, అది తర్వాత పాడైనట్టే కదా. పాడుచేసుకున్నది ఆమే అయినట్టే కదా. ఇప్పుడు ఆమె తీపి ముట్టదు. పండగనాడు కూడా ముట్టదట. కళ్ళు పోయాక, ఎవరికోసమో, ఏ శిక్షో.

సార్‌ని తిట్టడం తేలిక. ఇంతసేపూ తిట్టాను, హాయిగా ఉంది. కానీ ఆయనకి ఆ పసుపు గుర్తు ఏమైందో నిజంగా తెలియదు. మిషన్ బాగుపడిందనే ఆయన నమ్మకం. ఆ హాల్లో ఆ ఫోటో చూసింది నేనొక్కదాన్నే.

అందుకని ఇక్కడ సరైన జవాబు రాస్తున్నాను. లేదత్తా. ఆ రోజు నీ కన్ను బాగుందో లేదో మాకు తెలియదు. మా మిషన్‌కి నీ కన్ను కనపడనే లేదు. కనపడలేదని చెప్పడానికి నాకు నామోషీ అయ్యింది. నువ్వు తిన్న తీపికి పోలేదత్తా నీ కళ్ళు.

రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆడకూడదు, అయినా ఆడుతోంది. ఇది రేపు అచ్చులో వస్తే సార్ చదువుతాడేమో, కమిటీ వాళ్ళు చదువుతారేమో, మీరైతే చదివేశారు. మార్తమ్మత్త ఒక్కతే చదవలేదు. ఆ సంగతి తెలిసే నేను నోటితో చెప్పకుండా కాగితం మీద పెట్టాను.