జెర్రిపోతు వంకర్లు

సీతాలు బతుకంతా మొగలిపొదల ముళ్ల మధ్యే గడిచింది. తెల్లారగట్టే కొక్కెం కట్టిన దోటి భుజానేసుకుని గిరిసోల ఊరి గట్లమీదికి పోవడం, ఎండెక్కకముందే పువ్వులు కోసి అత్తరు తీసేవాళ్లకు అందించడం ఆవిడ పని. ముప్ఫయ్యేళ్లుగా అదే పని, అందులోనే ఆవిడకు మహా సంబరం. ఆ వాసన తగలని పొద్దు కూడా ఒక పొద్దేనా!

ఈ ఏడు కూతురు హేమ అడ్డం పడింది. బరంపురం లంజిపల్లిలో బట్టల కొట్లో పనిచేసే ఆ పిల్ల, తల్లి కళ్లకు పొరలు కమ్మాయని ఇట్టే కనిపెట్టేసింది. మొగలిపొదలు పాములకు పుట్టిల్లాయె! ఆపరేషన్ చేయిద్దామంటే సీతాలు ససేమిరా అంది. పోరి పోరి, చివరికి హేమే ఒక పందెం వేసింది.

"ఒక్క రోజు నాను నీతో వస్తాను. నాకంటే ముందు పాముని నువ్వు కనిపెడితే సరే. లేదంటే నీ దోటి అటకెక్కిస్తాను."

సీతాలు దోటివైపు చూసుకుంది. దోటి లేకపోతే తను పొద్దున్నే లేచి చేసేదేముంది? అయినా బింకంగా సరేనంది.

మర్నాడు గట్టుమీద వంకరటింకర కర్ర ఒకటి, బారెడు పొడవున, దారికి అడ్డంగా పడుంది. హేమ దాన్ని తీసి అవతల పారేద్దామని వంగింది. సీతాలు కూతురి జడ పట్టుకుని వెనక్కి లాగేసింది.

"కర్రే కదమ్మా!"

"నోర్మూసుకుని సూడు."

కాసేపటికి కర్ర వంకర్లు ఒక్కొక్కటే విప్పుకుంది. బారెడు జెర్రిపోతు! జరజరా పాకి పొదలో దూరిపోయింది. విషం లేనిదే అయినా హేమ రెండడుగులు వెనక్కి గెంతింది.

"బెదిరితే అదలాగే కర్రలా బిగుసుకుని పడుంటాది" అంది సీతాలు.

"నీకెలా అగుపడిందమ్మా?"

కన్నకూతురితో అబద్ధమాడలేకపోయింది సీతాలు. "నాకూ కర్రే అగుపడిందే. కాపోతే, నాను రోజూ సాయంత్రం మళ్లీ వచ్చి గట్టంతా ఊడిసేసి ఇంటికెల్తాను. పొద్దున్నకి దానిమీద ఏటున్నా, అది తనంతట తాను వచ్చిందే."

హేమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల్లిని గట్టిగా వాటేసుకుంది.

"నువ్వే గెలిసావు. ఎల్లి కోసుకో."

సీతాలు పొదవైపు కళ్లు చికిలించి చూసింది. "పువ్వుల కాలం అయిపోగానే ఆ ఆపరేషనేదో సేయించెయ్యే."

"గెలిసాక ఇప్పుడెందుకమ్మా?"

"ఆ సచ్చినోడు ఎన్ని వంకర్లు పోయాడో సరీగా సూడలేకపోయానే!"